ఉల్జిన్ వదిన బొంతలు

పొద్దున్నే డాబా ఎక్కి, పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి, ముక్కు పైకెత్తి గాలి పీల్చనిదే బున్నే నోట్లో మెతుకు పెట్టదు. పీల్చిన గాలిని కాసేపు లోపలే ఉంచుకుంటుంది, పులుసులో ఉప్పు చూస్తున్నట్టు. ఆ తర్వాత తీర్పు. ఎండ అని తేలితే అతిథులు కప్పుకున్న బొంతలన్నీ మోసుకొచ్చి పిట్టగోడ పొడవునా ఆరేస్తుంది. ఎర్రవి, ఆకుపచ్చవి, కొంగల బొమ్మలు కుట్టినదొకటి. వాన అని తేలితే అవి గదుల్లోనే ఉంటాయి.

ఉల్లుంగ్ దీవి ఉత్తరపు ఒడ్డున, నల్లరాతి కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఆ రేవులో బున్నే డాబా కంటే ఎత్తయినది లేదు. పడవలోంచి తలెత్తినా, స్క్విడ్ చేపలు ఆరేసే పందిళ్ల దగ్గర నిలబడినా, ఊరిపెద్ద దోక్సామ్ ఇంటి మెట్ల మీద కూర్చున్నా ఆ పిట్టగోడ కనబడుతుంది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ అడుగుతారు.

"వదినా, ఇవాళ ఎలా ఉంటుందంటావు?"

బున్నే చెబుతుంది. వాళ్లు శ్రద్ధగా విని, తలూపి, వెళ్లిపోతారు.

అవతలి ఒడ్డున ఉల్జిన్ నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి ఆవిడ ఆ ఊరికి ఉల్జిన్ వదిన. చిన్నవాళ్లకి ఉల్జిన్ అక్క. బున్నే అన్న పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఎక్కడా వినబడదు. ఓడలో దారి పొడవునా వాంతులు చేసుకుంటూ దిగిన పిల్ల, మొదటి చలికాలమంతా కొండవెల్లుల్లి ఆకు వాసనకి ముక్కు మూసుకున్న పిల్ల, ఇప్పుడు వయసు మళ్లి, భర్త మాన్గిల్ పోయాక రెండు గదులు అతిథులకి అద్దెకిచ్చుకుంటోంది. వంట బాగుందంటే నవ్వి ఊరుకుంటుంది. వాతావరణం అడిగితే మాత్రం వెన్ను నిటారవుతుంది. రేడియో తూర్పు సముద్రం మొత్తానికీ కలిపి ఒక్క మాట చెప్పి తప్పుకుంటుంది. ఫోనులో ఎండ బొమ్మా, మబ్బు బొమ్మా, వాన బొమ్మా పక్కపక్కనే ఉంటాయి, నచ్చింది ఏరుకోమన్నట్టు. అలాంటి దీవిలో ఊరు ఊరంతా తన ముక్కునే నమ్ముకుందన్నది బున్నే గర్వం. ఆవిడకున్న గర్వం అదొక్కటే.

చెప్పింది జరగని రోజులూ ఉంటాయి. దానికి ఆవిడ దగ్గర సమాధానం ఉంది. "నేను సరిగ్గానే చెప్పాను. తర్వాత ఆకాశం మనసు మార్చుకుంది."

ఆ శరదృతువులో దేగు పట్నం నుంచి బాంగ్ అనే ఆయన దిగాడు. కళ్లజోళ్ల ఫ్రేములు చేసే కార్ఖానాలో మేస్త్రీ. కొత్త బూట్లు, మెడలో కెమెరా, చంకలో దాని స్టాండు. ఏళ్ల తరబడి అరచేతి దూరంలో ఉన్నవాటినే చూసి చూసి విసుగెత్తిందట. దీవి నడిబొడ్డున ఉన్న శిఖరమెక్కి, కింద గిన్నెలా ఉండే నారి లోయనీ, చుట్టూ సముద్రాన్నీ ఒక్కసారి చూసిపోవాలని వచ్చాడు.

"అమ్మా, రేపు కొండెక్కొచ్చా?"

"రేపా? అద్దంలా ఉంటుంది. టోపీ పెట్టుకెళ్లు నాయనా, లేకపోతే మొహం కమిలిపోతుంది."

టోపీ పెట్టుకుని వెళ్లాడు. సాయంత్రానికి నేల తుడిచిన గుడ్డలా తిరిగొచ్చాడు.

"ఏం చూశావు?"

"నా బూట్లు చూశానమ్మా. అదీ వంగితేనే."

"ఆలస్యంగా బయల్దేరావు. ఎండ నీకంటే ముందే ఎక్కి దిగిపోయుంటుంది."

మర్నాడు వాన ముంచుకొస్తుందని చెప్పి అతన్ని గదిలోంచి కదలనివ్వలేదు. ఆ రోజంతా శిఖరం తోమిన గిన్నెలా మెరుస్తూనే ఉంది. ఆ తర్వాతి రోజు, "ఇక తిరుగులేదు, పో," అంది. పోయాడు. ఈసారి పొగమంచులో దారి కనబడక బురదలో చతికిలబడి, కెమెరాని గుండెకి హత్తుకుని, కొండ దిగువ వరకూ సగం నడుస్తూ సగం జారుతూ వచ్చాడు.

అలా వచ్చినవాడు నేరుగా ఇంటికి రాలేదు. రేవులో చిల్సూన్ అనే ఆవిడ స్క్విడ్ పేగుల పులుసు అమ్మే కొట్టు ఉంది. అక్కడ దూరాడు. చీకటి పడేవేళకి బియ్యపు కల్లు వాసనతో తిరిగొచ్చి, బున్నే వసారా అంచున కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

ముల్లంగి తరుగుతున్న బున్నే తలెత్తింది. "ఏమైంది బాబూ? పడ్డప్పుడు తల గానీ తగిలిందా?"

"అమ్మా, కొట్లో ఉన్నవాళ్లందరికీ నా గోడు చెప్పుకున్నాను. 'ఆవిడ్ని అడిగి వెళ్లావా?' అన్నారు. అడిగానండీ అన్నాను. 'మంచి పని చేశావు, తప్పకుండా అడగాలి. అడిగి, ఆవిడ చెప్పిందానికి ఎదురు చెయ్యాలి,' అన్నారు. మీ బొంతలు బయటికొచ్చాయంటే ఊళ్లో స్క్విడ్లు లోపలికెళతాయటమ్మా! ఎన్నేళ్లుగానో ఇంతేనట!"

కత్తి ముల్లంగి మీద ఆగింది.

"చిల్సూన్ తాగి వాగుంటుంది."

"ఆవిడ తాగలేదమ్మా. తాగింది నేనే."

బున్నే మిగతా ముల్లంగి తరిగింది. ముక్కలన్నీ ఒకే మందంలో వచ్చాయి. ఆ పూట పులుసులో ఉప్పు మాత్రం వెయ్యడం మరిచిపోయింది. బాంగ్ ఏమీ అనకుండా తాగేశాడు.

తెల్లారింది. మెడ మీద వెచ్చగా కొండగాలి. ఆకాశం నీలంగా ఉంది. బున్నే మనసారా ఎండ అనుకుంది. ఎప్పట్లాగే బొంతలు ఆరేసింది. అయితే ఎప్పట్లా కిందకి దిగిపోలేదు. నీళ్ల ట్యాంకు వెనక నక్కి, సందులోంచి రేవు వైపు చూసింది.

పందిరి దగ్గర చిల్సూన్ పుల్లకి గుచ్చిన స్క్విడ్‌ని ఎత్తబోతూ డాబా వైపు చూసింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బొంతలొచ్చాయ్! తీయండి, తీయండి!"

ఆ కేకకి నాలుగు పందిళ్ల దగ్గరా ఆడవాళ్లు లేచారు. దోక్సామ్ ఇంటి ముందు ఎండుతున్న మిరపకాయల మీదకి టార్పాలిన్ వచ్చిపడింది. కాసేపటికి ఊరి మైకు గరగరలాడింది.

"గ్రామస్తులకి మనవి. ఆకాశం బాగానే ఉంది. బాగానే ఉన్నా సరే... ఆరేసినవి లోపలికి తీసుకోండి. కారణం మీకు తెలిసిందే."

మధ్యాహ్నం కాకుండానే కొండ వెనకనుంచి మబ్బు జారింది. జల్లు రేవుని ఊడ్చిపారేసింది. ఊళ్లో ఒక్క స్క్విడ్ తడవలేదు. ఒక్క మిరపకాయ తడవలేదు. తడిసినవి బున్నే బొంతలు మాత్రమే.

ఆవిడ ట్యాంకు వెనకే కూర్చుని ఎన్నిసార్లు ఇలా తడిసుంటాయో గుర్తు చేసుకోబోయి మానేసింది. ఒక్కరంటే ఒక్కరు, ఒక్కనాడైనా, 'వదినా, బొంతలు తడుస్తున్నాయి,' అని కేకెయ్యలేదు. కేకేస్తే గుట్టు బయటపడుతుందని.

బాంగ్ మెట్లెక్కి వచ్చాడు. తల దించుకుని, "చెప్పకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు.

"ఆ కొస పట్టుకో."

కొంగల బొంతని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పిండారు. నీళ్లు ధారగా కారాయి. బున్నే ఇంకో మెలిక వేసి, ఎవరిదో మెడ అన్నట్టు పిండింది.

"రేపు నీకు కొండ లేదు," అంది. "డాబా మీద పనుంది."

మర్నాడు ఆవిడ గాలి చూడనే లేదు. గుమ్మడిపండుతో చేసిన తీపి జీడి ముక్క బుగ్గన పెట్టుకుని, పిట్టగోడ వెనక పీట వేసుకుని కూర్చుంది. కింద స్క్విడ్లన్నీ పందిళ్లకి ఎక్కేదాకా ఆగి, ఎర్ర బొంత తీసి గోడ మీద పరిచింది.

"బొంతలొచ్చాయ్!"

స్క్విడ్లన్నీ దిగాయి. ఆఖరి పుల్ల లోపలికి వెళ్లగానే బున్నే బొంతని వెనక్కి లాగేసింది. రేవు కాసేపు అయోమయంగా నిలబడింది. తర్వాత స్క్విడ్లు మళ్లీ ఎక్కాయి. బున్నే మళ్లీ పరిచింది.

"అమ్మా, పాపం కదా," అన్నాడు బాంగ్, నవ్వు ఆపుకోలేక నోటికి టోపీ అడ్డం పెట్టుకుని.

"నీకు జీడి కావాలా వద్దా?"

"కావాలి."

"అయితే ఆ దిండు గలీబు అందుకో."

ఈసారి బొంత లేదు. దిండు గలీబు ఒక్కటే, అదీ సగానికి మడిచి, గోడకి ఓ మూలన వేసింది. రేవులో పని ఆగిపోయింది. చిల్సూన్, దోక్సామ్, మరో ఇద్దరు ముసలి జాలర్లు నడిరోడ్డు మీద గుంపుగా చేరి డాబా వైపు చెయ్యెత్తి చూపించుకున్నారు. గొంతులు పైదాకా వచ్చాయి.

"గలీబంటే చినుకులా?"

"మడిచింది కదా. సగం పూట వానేమో."

"ఆ మూల ఎందుకేసినట్టు? తూర్పున పడుతుందనా?"

"నన్నడుగుతావేం? నువ్వు ఊరిపెద్దవి, నువ్వు చెప్పు!"

బున్నే గలీబు తీసేసి, దాని చోట ఒంటి మేజోడు తగిలించింది. దోక్సామ్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

ఆ మీదట ఆవిడ ఏదీ ఆరెయ్యలేదు. వరసగా కొన్నాళ్లపాటు పిట్టగోడ బోసిగా ఉంది. మొదటి రోజు బొంతలు లేవు కదా, వాన లేదన్న ధీమాతో ఊరంతా ఆరేసింది. జల్లు పడింది. రెండోనాడు భయపడి ఎవరూ ఆరెయ్యలేదు. ఎండ ఊరికే కాసి పోయింది. ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చేశారు. స్క్విడ్‌కి ఓ పూట ఎండ తప్పితే రంగు పోతుంది, రెండు పూటలు తప్పితే వాసనొస్తుంది. రేవంతా ఆ వాసన మొదలైంది. బాంగ్ రోజూ శిఖరం వైపు చూసి నిట్టూర్చేవాడు. అడుగుదామంటే ఆవిడ నోరు విప్పడం లేదు. అతని సెలవు అయిపోవచ్చింది.

ఓ సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, దోక్సామ్, చిల్సూన్ కలిసి వచ్చారు. ఒకరి చేతిలో మూత పెట్టిన పులుసు గిన్నె, మరొకరి చంకలో కొండవెల్లుల్లి ఆకు పచ్చడి జాడీ.

"ఒంట్లో బాగుందా వదినా?" అన్నాడు దోక్సామ్.

"భేషుగ్గా ఉంది."

"డాబా మెట్లు గానీ ఇబ్బందిగా ఉన్నాయా? మన కుర్రాళ్లని పంపి రిపేరు చేయిస్తాను."

"మెట్లకేం? గట్టిగానే ఉన్నాయి."

"అతిథులు తగ్గారా అక్కా?" చిల్సూన్ అందుకుంది. "బొంతలు వాడకంలో లేనట్టున్నాయి..."

"ఇదిగో, బాంగ్ గారున్నారుగా. రోజూ కప్పుకుంటున్నారు."

"మరి బూజు పట్టవూ? నాకు బెంగగా ఉందక్కా, వాటికి కాస్త గాలి..."

"నా బొంతల మీద నీకింత ప్రేమ ఉందని ఇన్నేళ్లూ తెలియలేదే చిల్సూన్. తడిసినప్పుడు ఎక్కడికి పోయింది?"

చిల్సూన్ మొహం ఎర్రబడింది. గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టి, దోక్సామ్ వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"నీకు తెలిసిపోయింది," అంది చిల్సూన్.

"తెలిసింది. ఊరందరికీ నేనో ఆటబొమ్మనని తెలిసింది. ఈ ఘనకార్యం మొదలుపెట్టిన మహానుభావుడెవరో అదొక్కటే తెలియలేదు. వాడి మీసాలు పీకుదామని చూస్తున్నా."

దోక్సామ్ గొంతు సవరించుకున్నాడు.

"పీకడానికి ఆయన లేడు వదినా. మాన్గిలన్నే చెప్పాడు."

బున్నే పచ్చడి జాడీని పక్కకి జరిపి ఆయన వైపు తిరిగింది.

"నీకు పెళ్లయిన కొత్తల్లోనే ఆయన కనిపెట్టాడు. ఉల్జిన్‌లో కొండగాలి వీస్తే ఎండ, సముద్రపు గాలి వీస్తే వాన. ఇక్కడ అంతా తిరగేసి. కొండగాలి మబ్బుని మోసుకొస్తుంది, సముద్రపు గాలి తుడిచేస్తుంది. 'అది ఇంకా పుట్టింటి వాకిట్లోనే నిలబడి గాలి చూస్తోందిరా,' అన్నాడు. 'ఎవరూ సరిదిద్దకండి. సగం నేర్చుకుందంటే మనకి దేనికీ పనికిరాదు,' అని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టేయించుకున్నాడూ?"

"రోజూ పడవ తీసే ముందు నిన్ను అడిగేవాడు, గుర్తుందా?"

గుర్తుండకేం? పొమ్మంటే పడవ తీసేవాడు కాదు. వద్దంటే తీసేవాడు. మొండివాడనీ, పెళ్లాం మాటంటే లెక్కలేదనీ ఆవిడ జీవితమంతా పోట్లాడింది.

"మా అన్న పడవ తిరిగిరాని రోజు," అంది చిల్సూన్. "ఆ సాయంత్రం నువ్వేమన్నావో తెలుసా అక్కా?"

తెలుసు. సముద్రం నూనె పోసినట్టుంది, పోయి రమ్మంది. మాన్గిల్ దవడకి గుడ్డ కట్టుకుని, పన్ను నొప్పి అని పడుకున్నాడు. పన్ను నొప్పికి పడవ కట్టేసే మగాణ్ణి ఎక్కడా చూళ్లేదని ఎగతాళి చేసింది.

"అప్పటిదాకా మేమూ నవ్వుకునేవాళ్లం," అంది చిల్సూన్. "మా అన్న కూడా నవ్వి, పడవ తీశాడు. ఇప్పుడూ నవ్వుకుంటాం, కాదనను. కానీ నీ పిట్టగోడ చూడకుండా ఒక్కరం పడవ విప్పం."

పులుసు గిన్నె మూత మీద ఆవిరి చుక్కలు కట్టింది.

"అంటే ఆ పన్ను..." అంది బున్నే. "మర్నాడు ఆస్పత్రికి పోయి పీకించుకొచ్చాడు. అది మంచి పన్నా?"

"రాయిలాంటి పన్ను," అన్నాడు దోక్సామ్. "డాక్టరు ఒద్దంటే పోట్లాడి మరీ పీకించుకున్నాడు. నీకు అనుమానం రాకూడదని."

"ఇంటికొచ్చి డాబా మీదకి విసిరాడు, చిన్నపిల్లల్లా. 'కొత్తది మొలుస్తుందేమో చూద్దాం,' అన్నాడు." బున్నే పెదవి వణికింది. అది ఏడుపో నవ్వో తేలకముందే ఆవిడ మాటని అటు తిప్పేసింది. "చచ్చి బతికిపోయాడు. లేకపోతే మిగతావి నేను పీకేదాన్ని."

బాంగ్ గోడ వైపు తిరిగి, భుజాలు కుదుపుతూ నవ్వాడు. ఆ నవ్వు చిల్సూన్‌కి అంటుకుంది.

"సరే," అంది బున్నే. "రెండు మాటలు. ఒకటి, వాన వచ్చేలోపు నా బొంతలు దించే పని నీది చిల్సూన్. నీ స్క్విడ్లకంటే ముందు. రెండు, మరిదీ, రోజూ పొద్దున నా మాట మైకులో చెప్పాలి. ఎవరు చెప్పారో పేరు పెట్టి చెప్పాలి. గారు అనాలి."

"తప్పకుండా వదినా," అన్నాడు దోక్సామ్, ఆ ఊపులోనే లేచి నిలబడి. తర్వాత ఏదో తట్టినట్టు ఆగాడు. "కానీ ఇప్పుడు నీకు గాలి గుట్టు తెలిసిపోయిందిగా. ఇకనుంచి నువ్వు సరిగ్గా చెప్పడం మొదలుపెడితే మా గతేంటి?"

"చూద్దాం," అంది బున్నే, పచ్చడి జాడీ లోపలికి తీసుకుపోతూ.

తెల్లారి డాబా ఎక్కేసరికి సముద్రపు గాలి చెంప మీద చల్లగా కొట్టింది. ముక్కు పైకెత్తి పీల్చింది. ఉల్జిన్ లెక్కలో ఇది వాన, అనుమానం లేదు. దీవి లెక్క ఏమిటో కూడా ఇప్పుడు తెలుసు. కింద మెట్ల మీద దోక్సామ్, పందిళ్ల దగ్గర చిల్సూన్, వసారాలో ఒక కాలికి బూటు తొడిగిన బాంగ్, అందరూ తలలెత్తి ఉన్నారు.

"వాన!" అని అరిచింది బున్నే. "కుండపోత! ఎవరూ కదలకండి!"

మైకు గరగరలాడింది. "గ్రామస్తులకి మనవి. ఉల్జిన్ వదిన..."

"గారు!" డాబా మీంచి కేక.

"...వదినగారు ఇవాళ కుండపోత అంటున్నారు. కాబట్టి అందరూ స్క్విడ్లు ఆరేసుకోండి."

బాంగ్ రెండో బూటు లేసు కట్టుకోకుండానే పరిగెత్తాడు.

పొద్దు వాలుతుండగా దిగొచ్చాడు. మొహం కమిలి, ముక్కు ఎర్రగా కందిపోయుంది. కుండపోత అన్నారు కదా అని టోపీ ఇంట్లోనే వదిలేశాడు. గిన్నెలాంటి లోయని చూశాడు. అందులో ఇళ్ల కప్పుల్ని, పొలాల్లో వంగున్న మనుషుల్ని చూశాడు. సముద్రం ఎక్కడ ఆగిందో వెతికితే కనబడలేదట. చాలా చెప్పాలనుకున్నాడు కానీ రెండు చేతులూ వీలైనంత చాచి, "ఇంత!" అన్నాడు. మళ్లీ చూసి, అది చాలనట్టు చేతులు దించేశాడు.

"రేపు మధ్యాహ్నం ఓడకి వెళ్లాలమ్మా," అన్నాడు. "ఎల్లుండికి కార్ఖానాలో ఉండాలి. ఓడ వస్తుందంటారా?"

బున్నే పిట్టగోడకి ఆనుకుని సముద్రం వైపు చూసింది. అల లేదు. పడవలు బొమ్మ గీసినట్టు నిలబడ్డాయి. ఆ క్షణంలోనే మెడ మీద వెచ్చగా ఏదో తగిలింది. కొండవైపు నుంచి గాలి తిరిగింది. ఆవిడ దాన్ని లోపలికి పీల్చి, కాసేపు ఉంచుకుంది.

"ఖాయంగా వస్తుంది," అంది. "రేపు సముద్రం అద్దంలా ఉంటుంది. రాత్రికే సర్దుకో నాయనా."

బాంగ్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. అతను మెట్టు మీద కూర్చుని, నింపాదిగా బూట్లు విప్పుకుని, గోడవారగా పెట్టాడు.

"అయితే రేపటికి ఏం కూరమ్మా?" అన్నాడు.

బున్నే అప్పటికే బొంతలు తేవడానికి లోపలికి వెళ్లింది.